కరెంటు కంపెనీకి తేనెటీగల దగ్గర నిజంగా నేర్చుకునేది ఏమైనా ఉందా?

ప్రశ్న: బెంగళూరులో ఒక ఎనర్జీ కంపెనీలో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఆఫీసు బిల్డింగులు, అపార్ట్‌మెంట్లలో పీక్ లోడ్ తగ్గించే సాఫ్ట్‌వేర్ మాది. మా పెద్దసారు ప్రతి మీటింగులో "తేనెటీగల్ని చూసి నేర్చుకోండి" అంటుంటారు. అందులో ఇంజినీరింగుకి పనికొచ్చేది ఏమైనా ఉందా, లేక మాటవరసకి చెప్పేదేనా?

జవాబు:

ఉందండీ, చాలానే ఉంది. అయితే కష్టపడడం, కలిసికట్టుగా ఉండడం లాంటి మాటలు పక్కన పెట్టండి, వాటివల్ల మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైను కూడా మారదు. నాకు కరెంటు పనిలో ఇరవై ఆరేళ్ల అనుభవం. మొదట్లో మదనపల్లె వైపు సబ్‌స్టేషన్లలో చేశాను, ఆ తర్వాత అంతా బెంగళూరులోనే, లోడ్ మేనేజ్‌మెంట్ (కరెంటు వాడకాన్ని అదుపు చేసే) పని. ఆరేళ్ల క్రితం జీకేవీకేలో (బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్) తేనెటీగల పెంపకం ట్రైనింగ్ తీసుకుని యలహంకలో మా మేడ మీద రెండు పెట్టెలు పెట్టాను. మన పుట్ట తేనెటీగలే, ఇటలీవి కావు. పొద్దున వాటిని చూసి ఆఫీసుకెళ్లి లోడ్ కర్వ్ (రోజంతా కరెంటు వాడకం ఎలా మారుతుందో చూపే గీత) చూడడం అలవాటైపోయింది కాబట్టి ఈ రెండింటికీ ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ కలవదో నాకు తెలిసినంత వరకు చెబుతాను. కొంచెం పెద్ద జవాబే.

ముందుగా, రాణి ఈగ ఎవరికీ పని పురమాయించదు. దాని పని గుడ్లు పెట్టడం. వేల ఈగలున్న పట్టులో ఏ చెట్టుకి ఎన్ని వెళ్లాలి, లోపల ఎన్ని ఉండాలి, ఎండెక్కితే ఎన్ని రెక్కలు విసరాలి అని లెక్కగట్టే కంట్రోల్ రూమ్ ఎక్కడా లేదు. అయినా లెక్క కుదురుతుంది.

ఎలా అంటే, మేతకెళ్లి వచ్చిన ఈగ తెచ్చిన మకరందాన్ని తనే గదిలో పోయదు. లోపల పనిచేసే ఈగ ఒకటి ఎదురొచ్చి నోటితో అందుకుని తీసుకెళ్తుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ సీలీ అనే శాస్త్రవేత్త ఈ అందుకునే చోట ఏం జరుగుతుందో ఏళ్ల తరబడి కూర్చుని చూశారు, ఐరోపా జాతి తేనెటీగల మీద. మంచి మేత దొరికి తిరిగొచ్చిన ఈగకి, తన సరుకు దించుకునే ఈగ 20 సెకన్లలోపు దొరికితే అది తోక ఊపుతూ నాట్యం చేస్తుంది, అంటే ఇంకొంతమందిని అదే మేతకి రమ్మని పిలుస్తుంది. 50 సెకన్లు దాటినా ఎవరూ దొరకకపోతే వేరే రకంగా, వణుకుతున్నట్టు తిరుగుతూ నాట్యం చేస్తుంది, అది చూసి ఖాళీగా ఉన్న ఈగలు సరుకు దించుకునే పనిలోకి వస్తాయి. తోక ఊపే నాట్యంలో దిక్కు, దూరం ఎలా ఉంటాయో చదివింది కార్ల్ ఫాన్ ఫ్రిష్, ఆయనకి 1973లో నోబెల్ కూడా వచ్చింది, అందరూ దాని గురించే మాట్లాడతారు. కానీ కరెంటువాడిగా నాకు ఆ నాట్యం కన్నా దానికి ముందు జరిగే ఎదురుచూపు ముఖ్యంగా కనిపిస్తుంది. ఆ ఈగకి పట్టులో మొత్తం ఎంత తేనె వస్తోందో తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. తను ఎంతసేపు ఆగాల్సి వచ్చిందన్న ఒక్క విషయంలో పట్టు మొత్తం పరిస్థితి దానికి అందుతోంది.

ఎండాకాలంలో నీళ్లు తెచ్చే ఈగలదీ ఇదే పద్ధతి. లోపల వేడెక్కితే నీళ్లు తెచ్చినదాని దగ్గరికి మిగతావి ఎగబడి వస్తాయి, అది వెంటనే మళ్లీ నీళ్లకి వెళ్తుంది. చల్లబడ్డాక ఎవరూ పట్టించుకోరు, అది మానేస్తుంది.

మన గ్రిడ్డులో ఈ ఎదురుచూపులాంటిది ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకి ఎన్ని ఆవృత్తాలు తిరుగుతుందన్న లెక్క, మన దగ్గర 50. వాడకం ఉత్పత్తిని మించితే తిరిగే జనరేటర్లన్నీ బరువెక్కి కాస్త నెమ్మదిస్తాయి, 50 హెర్ట్జ్ నుంచి ముల్లు కిందికి జారుతుంది. వాడకం తగ్గితే పైకి లేస్తుంది. 49.90కీ 50.05కీ మధ్య ఉంచాలని మన నియమం. రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో 2013 డిసెంబరు 31న దక్షిణాది మిగతా దేశంతో కలిసినప్పటి నుంచి మీ ఆఫీసు గోడకున్న ప్లగ్గులో కనిపించే ఫ్రీక్వెన్సీ, గౌహతిలో ఒక టీకొట్టు ప్లగ్గులో కనిపించేది దాదాపు ఒకటే. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. దేశం మొత్తం పరిస్థితి ప్రతి ప్లగ్గుకీ ఉచితంగా అందుతోంది, మన ఫ్రిజ్‌లూ ఏసీలూ దాన్ని చదవకుండా కూర్చుంటున్నాయి. నాకు బాధగా ఉండేది ఇక్కడే.

ఎంఐటీలో ఫ్రెడ్ ష్వెప్పీ అనే ప్రొఫెసర్ ఈ మాట 1980లోనే చెప్పారు, ఇళ్లలోని పరికరాలు ఫ్రీక్వెన్సీని గమనించి తమంతట తామే కాసేపు తగ్గాలని. మన దగ్గర కూడా ఇలాంటి ప్రయోగం ఒకటి చాలా పెద్ద స్థాయిలో జరిగింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో దక్షిణాదిలో ఫ్రీక్వెన్సీ 48.5 కన్నా కిందికి పోవడం మామూలు విషయం, ఫ్యాన్లు నీరసంగా తిరిగేవి, మోటార్లు వేడెక్కేవి, అందరూ అందరికీ ఫోన్లు చేసుకుని బతిమాలుకునేవాళ్లం. 2003 జనవరి 1న ఇక్కడ ఏబీటీ (అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్) అనే కొత్త ధరల పద్ధతి వచ్చింది. షెడ్యూలు మించి తీసుకున్న కరెంటు ధరని ఫ్రీక్వెన్సీకి ముడిపెట్టారు, ముల్లు పడితే ధర పెరుగుతుంది, లేస్తే తగ్గుతుంది. అంతే, గోడ మీద మీటరు చూసి ఎవరికి వాళ్లు ఆ క్షణంలో తీసుకోవాలా వద్దా అని నిర్ణయించుకోవడం మొదలైంది, చూస్తుండగానే ఫ్రీక్వెన్సీ దారికొచ్చింది. తర్వాత ఆ నిబంధనలు చాలాసార్లు మారాయి, ఇప్పటి లెక్కలు వేరు. కానీ అందరికీ కనబడే ఒక్క గుర్తు ఉంటే ఎంత పని జరుగుతుందో నేను కళ్లారా చూశాను.

ఇక్కడిదాకా చాలామందికి అర్థమవుతుంది. అసలు చిక్కు దీని తర్వాత ఉంది, మీ కంపెనీ పట్టించుకోవాల్సింది కూడా అదే.

అందరికీ ఒకే గుర్తు కనబడి, అందరూ ఒకే క్షణంలో ఒకేలా స్పందిస్తే ఏమవుతుంది? పల్లెల్లో పనిచేసినవాళ్లకి ఇది బాగా తెలుసు. వ్యవసాయానికి త్రీ ఫేజ్ కరెంటు ఫలానా గంటకి వస్తుందని రైతులు మోటార్లకి ఆటో స్టార్టర్లు బిగించి పడుకునేవాళ్లు. వాళ్ల తప్పు లేదు, అర్ధరాత్రి పొలానికెళ్లి పామూ పుట్రా మధ్య మోటారు వేయమంటే ఎవరు వెళ్తారు? కానీ కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేచేవి. మోటారు లేచేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కదా, వోల్టేజీ కుప్పకూలి, ఫ్యూజులు పోయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పింది అందుకే.

2020 ఏప్రిల్ 5 గుర్తుందా? రాత్రి 9 గంటలకి 9 నిమిషాలు లైట్లార్పి దీపాలు పెట్టమని ప్రధాని పిలుపు ఇచ్చిన రోజు. పన్నెండు పద్నాలుగు వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేస్తే దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయింది, నిమిషాల్లో. ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 దాకా ఊగింది. జల విద్యుత్ కేంద్రాలను ముందే సిద్ధంగా పెట్టుకుని, వాటిని చకచకా దించి మళ్లీ ఎక్కించి, గ్రిడ్డుని నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లవాళ్లు నిలబెట్టారు. వాళ్లమీద నాకున్న గౌరవం ఆ రాత్రి రెట్టింపైంది. కానీ ఆలోచించండి, రెండు రోజుల ముందు తెలుసు కాబట్టి సరిపోయింది. మీలాంటి కంపెనీల యాప్ ఒకటి లక్షల ఏసీలని ఒకే బటన్‌తో ఆపగలిగితే ఆ బటన్ నొక్కేది ఎవరైనా, ఎందుకైనా, గ్రిడ్డుకి అదే దెబ్బ. జర్మనీలో కూడా ఇలాంటిదే జరగబోయింది. ఇళ్లమీద సోలార్ ఇన్వర్టర్లన్నిటికీ 50.2 హెర్ట్జ్ దగ్గర ఆగిపోవాలని ఒకే అంకె పెట్టారు. పలకల సంఖ్య పెరిగాక, ఏ ఎండరోజునైనా ఫ్రీక్వెన్సీ 50.2 తాకితే వేల మెగావాట్లు ఒక్కసారిగా పోతాయని గుర్తించి, లక్షల ఇన్వర్టర్ల సెట్టింగులు మార్చాల్సి వచ్చింది.

తేనెటీగలు ఈ సమస్యని ఎలా దాటాయో చూడండి, ఈ జవాబు మొత్తంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. పిల్లలు పెరిగే గదుల దగ్గర వేడి 33 నుంచి 36 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్‌లో మా మేడ మీద ఒంటిగంటకి పెట్టె గుమ్మం దగ్గర ఐదారు ఈగలు నిలబడి రెక్కలు విసురుతుంటాయి (మన పుట్ట తేనెటీగలు తల బయటికి పెట్టి గాలిని లోపలికి కొడతాయి, ఐరోపావి తిరగేసి నిలబడతాయి). రెండింటికి అవి ఇరవై అవుతాయి, మూడింటికి లెక్కపెట్టలేను. సాయంత్రం నాలుగు దాటాక ఒక్కొక్కటే మానేస్తాయి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం, ఒకేసారి ఆపడం నేను ఎప్పుడూ చూడలేదు. అన్నీ ఒకే డిగ్రీ దగ్గర మొదలుపెడితే లోపల ఒక్కసారిగా చల్లబడి, అన్నీ ఆపేస్తే మళ్లీ వేడెక్కి, ఊయలలా ఊగుతూనే ఉంటుంది కదా.

తేడా ఎక్కడినుంచి వస్తుందంటే, రాణి ఈగ చాలా పోతుటీగలతో కలుస్తుంది, అందుకని ఒకే పట్టులో వేరు వేరు తండ్రుల పిల్లలుంటాయి, ఒక తండ్రి పిల్లలు కొంచెం వేడికే రెక్కలు విసురుతాయి, ఇంకో తండ్రి పిల్లలు బాగా వేడెక్కితేగాని కదలవు. 2004లో సిడ్నీ విశ్వవిద్యాలయంవాళ్లు ఒకే తండ్రి ఉన్న పట్టులనీ చాలామంది తండ్రులున్న పట్టులనీ పోల్చి చూస్తే, చాలామంది తండ్రులున్న పట్టులోనే వేడి నిలకడగా ఉంది.

మన పాత ఇంజినీర్లకి ఈ సంగతి ఇంకో పేరుతో తెలుసు, డైవర్సిటీ. వంద ఇళ్లున్న వీధికి వంద ఇళ్ల పూర్తి లోడుకి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టం, అందరూ ఒకేసారి గీజర్ వేయరు కాబట్టి. ఫ్రీక్వెన్సీ మరీ పడిపోతే కొన్ని ఫీడర్లని (సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే లైన్లని) తెంచి గ్రిడ్డుని కాపాడే అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు కూడా 49.4, 49.2, 49.0, 48.8 అని మెట్లుమెట్లుగా పెట్టి ఉంటాయి, అన్ని ఫీడర్లూ ఒకే అంకె దగ్గర తెగవు. అంటే ఈ తెలివి మన ఇంట్లోనే ఉంది. స్మార్ట్ కంట్రోల్ అని చెప్పి ఆ డైవర్సిటీని మనమే తీసి పారేస్తున్నాం.

నేనూ చేశాను ఆ పని, చెబుతాను. పదేళ్ల క్రితం ఒక ప్రైవేటు కంపెనీ కోసం, ఒక ఐటీ పార్కు చుట్టుపక్కల నలభై బిల్డింగుల చిల్లర్లకి (బిల్డింగు మొత్తాన్ని చల్లబరిచే పెద్ద యంత్రాలకి) సాయంత్రం ఆరున్నరకి ఆపమని కమాండ్ పంపే ఏర్పాటు చేశాం. మొదటి రోజు ఆరున్నరకి లోడ్ గీత గోడ దూకినట్టు కిందికి పడింది, గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఏడింటికి వదిలాం. అరగంట వేడెక్కి ఉన్న బిల్డింగులు కదా, నలభై చిల్లర్లూ పూర్తి లోడుతో ఒకేసారి లేచాయి. మేం తప్పించిన పీక్ కన్నా పెద్ద పీక్ వచ్చింది, ఫీడర్ ట్రిప్ అయింది, ఆ ఫీడర్ మీదే ఉన్న ఒక నర్సింగ్ హోమ్ జనరేటర్ మీదికి వెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆపడం మీద మూడు నెలలు పనిచేశాం, తిరిగి వేయడం గురించి ఎవరూ ఆలోచించలేదు, అందులో నేనూ ఉన్నాను.

కాబట్టి మీ సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే. ప్రతి ఏసీకి, ప్రతి పంపుకి దాని సొంత గీత ఇవ్వండి, ఒకటి 49.93 దగ్గర స్పందిస్తే ఇంకొకటి 49.90, మరొకటి 49.87, ఆ గీతలు కూడా రోజూ మారుతుండాలి, లేకపోతే ఒకే బిల్డింగువాళ్లు రోజూ చెమటలు కక్కాలి. తిరిగి వేసేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో ఆలస్యం ఉండాలి, అది కమాండ్‌లో వచ్చేది కాకుండా పరికరంలోనే ఉండాలి, ఎందుకంటే కరెంటు పోయి వచ్చినప్పుడు మీ సర్వర్‌తో కనెక్షన్ ఉంటుందన్న నమ్మకం లేదు. ఎలక్ట్రిక్ స్కూటర్లకి రాత్రి 10 తర్వాత చవక రేటు అంటే అందరి టైమర్లూ సరిగ్గా 10కే లేస్తాయి, అదీ ఆటో స్టార్టరే, ఊరు మారిందంతే. పొద్దునకి నిండితే చాలు అన్నవాళ్లని తెల్లవారుజాము దాకా పరిచేయొచ్చు.

టొరంటోలో రీజెన్ ఎనర్జీ అనే కంపెనీ పదిహేనేళ్ల కిందటే ఈ దారి పట్టింది. బిల్డింగులోని ఒక్కో కూలింగ్ యూనిట్‌కి ఒక చిన్న కంట్రోలర్ తగిలించి, అవి తమలో తాము రేడియోతో మాట్లాడుకుని వంతులవారీగా నడిచేలా చేశారు, పైన పెత్తనం చేసే కంప్యూటర్ లేకుండా, ఈగల గుంపుల పద్ధతి చూసి రాసుకున్న లెక్కతో. మీ సారు మనసులో ఉన్నది ఇలాంటిదే అయ్యుంటుంది.

సాఫ్ట్‌వేర్‌కి సంబంధం లేనిది ఇంకొకటి ఉంది, కానీ చెప్పకుండా ఉండలేను. పూల దగ్గర దెబ్బతిని వచ్చిన ఈగ, అదే పూల కోసం నాట్యం చేస్తున్న ఈగ దగ్గరికెళ్లి తలతో ఢీకొట్టి చిన్న చప్పుడు చేస్తుంది. "ఆపు" అని అర్థం. పట్టులో దానికి ప్రత్యేకమైన హోదా ఏదీ లేదు, ప్రమాదం చూసి వచ్చింది, అంతే. మన లైన్‌మన్‌లు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ (లైనులో కరెంటు ఆపామన్న హామీ) తీసుకుని స్తంభం ఎక్కుతారు. లైన్ క్లియర్ ఇచ్చామని కాగితం మీద ఉంటుంది, కానీ పక్కన ఎవరో జనరేటరో ఇన్వర్టరో లైను నుంచి సరిగ్గా విడదీయకుండా నడిపితే వెనక్కి కరెంటు వస్తుంది. ఇప్పుడు ప్రతి మేడ మీదా సోలార్, ప్రతి పార్కింగులో బ్యాటరీ. స్తంభం మీద ఉన్నవాడికి అనుమానమొచ్చి ఆపమంటే, ఆఫీసరు ఫోన్ ఎత్తేదాకా, స్క్రీన్ మీద పచ్చ లైటు ఎర్రగా మారేదాకా ఎదురుచూడకుండా వెంటనే పని ఆగాలి. మీ ప్రోగ్రామ్‌లో కూడా బిల్డింగు ఎలక్ట్రీషియన్‌కి ఒక ఆపే స్విచ్ ఇవ్వండి, పాస్‌వర్డ్ లేకుండా. తెలిసిన మనుషుల్ని ఇద్దరిని స్తంభాల మీద పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక కలవని చోట్లు. తేనెటీగల నిర్ణయాలు నిమిషాల్లో, గంటల్లో జరుగుతాయి. షార్ట్ సర్క్యూట్‌ని మిల్లీసెకన్లలో తెంచాలి, అది రిలేల పని, అక్కడ గుంపు ఆలోచనకి చోటు లేదు. పట్టులోని ఈగలన్నీ ఒక తల్లి బిడ్డలు, ఒకటి కష్టపడితే లాభం అందరిదీ. మీ కస్టమర్లు అలా కాదు, ఏసీ తగ్గించుకున్నవాళ్లకి బిల్లులో ఏదైనా కనబడాలి. కరువు రోజుల్లో మన పుట్ట తేనెటీగలు పెట్టె ఖాళీ చేసి వెళ్లిపోతాయి, మావి ఒకసారి అలాగే వెళ్లిపోయాయి. కరెంటు కంపెనీకి ఆ హక్కు లేదు, ఆసుపత్రీ ఉంటుంది, డయాలసిస్ మీద ఉన్న మనిషీ ఉంటాడు, ఏ లోడ్ ఎప్పటికీ ముట్టుకోకూడదో ముందే రాసి పెట్టుకోవాలి.

మీరు వెంటనే చేయగలిగింది ఒకటి చెబుతాను. మీ పాత లాగ్స్ తీసి, మీరు లోడ్ తగ్గించిన ప్రతిసారీ వదిలిన తర్వాతి పదిహేను నిమిషాల్లో ఏమైందో గీసి చూడండి. మా నలభై చిల్లర్ల కథ చిన్న సైజులో కనిపిస్తే సారుకి ఆ గ్రాఫ్ చూపించండి, తేనెటీగల పేరు ఎత్తక్కర్లేదు. వీలైతే ఏప్రిల్ మొదట్లో, కానుగ చెట్లు పూసే రోజుల్లో జీకేవీకే వైపు వెళ్లి వాళ్ల పెట్టెల దగ్గర మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కూర్చోండి. సెంటు పూసుకోకండి, తెల్లచొక్కా వేసుకోండి, గుమ్మానికి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుని, పది నిమిషాలకొకసారి రెక్కలు విసిరేవాటిని లెక్కపెట్టి రాసుకోండి.